మెషీన్ బాగానే ఉంది.. మరి బియ్యం ఎందుకు రాలేదు?

పాతపట్నం రేషన్ షాపులో ఈ-పోస్‌పై వేలు పెట్టగానే, వేలిముద్ర మొబైల్ నెట్‌వర్క్ మీదుగా ఆధార్ సర్వర్‌కు వెళ్తుంది. అక్కడ సరిపోలాకే కోటా, తూకం. మెషీన్, నెట్‌వర్క్, సర్వర్లను దేనికది పరీక్షిస్తే అన్నీ పాసవ్వొచ్చు. కూలి పనులతో గీతలు అరిగిన వేలు, సిగ్నల్ లేని సాయంత్రం మాత్రం టెస్టింగ్ గదికి రావు. 2019 ఆగస్టులో తెలంగాణతో పోర్టబిలిటీ వచ్చాక చిక్కుముడి ఇంకా పెరిగింది: హైదరాబాద్‌లో వలస కూలీ తీసుకున్న బియ్యం ఇక్కడి కార్డులోనూ తగ్గాలి. అందుకే వేలి నుంచి సంచి దాకా మొత్తాన్నీ ఒకే వ్యవస్థగా పరీక్షించాలి. ‘సిస్టమ్స్ థింకింగ్’ అంటే ఇదే.

వేలిముద్ర పడలేదని రేషన్ ఆపొద్దని కేంద్రం 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. కార్డు చూపించి, రిజిస్టర్‌లో రాయించి సరుకులు అడగండి. ఇవ్వకపోతే 1967కు ఫోన్ చేయండి.