పాత చిత్రము – కొత్త తెర

గత దీపావళినాడు మా అమ్మగారు కోరగా “మాయాబజారు” డి.వి.డి. వేసితిమి. పావుగంట గడవకముందే ఆమె కళ్లజోడు సవరించుకొని, “ఒరే, ఈమె శశిరేఖా, మాయాశశిరేఖా? ఇంత వెడల్పయినదేమిరా!” అని అడిగిరి. పిల్లలు నవ్విరి. కాని తప్పు అమ్మగారి కంటిది కాదు, మా కొత్త టెలివిజనుది.

ఈ చిత్రమును 1957లో విజయావారు మన మద్రాసులోనే తీసిరి. ఆ కాలపు బొమ్మకు ఎత్తు 1 అయినచో వెడల్పు 1.37. పాత టెలివిజన్ల వెడల్పు 1.33 గనుక తేడా తెలియలేదు. నేటి తెరల వెడల్పు 1.78. కావున పాత బొమ్మకు ఇరుప్రక్కల నల్లని పట్టీలు కనబడుటయే న్యాయము. ఆ పట్టీలను ఓర్వక బొమ్మను సాగదీసితిమా, మనుషులు లావగుదురు. తెర నిండునట్లు పెంచితిమా, పైనా క్రిందా కలిసి దాదాపు నాలుగవ వంతు బొమ్మ పోవును. ఘటోత్కచుని కిరీటమునకే ముప్పు! మేము రిమోటుతో తెర కొలతను 4:3కు మార్చగానే శశిరేఖ చిక్కినది. ఇంటర్నెట్టులో పాత చిత్రములు చూచువారు కూడ తమ టెలివిజను బొమ్మను సాగదీయుచున్నదేమో ఒకసారి చూచుకొనుట మంచిది.

మా యింట ఈ చిత్రమునకు రెండు బిళ్లలు గలవు. ఒకదానిలో ఇది యొక్కటే. రెండవదానిలో మూడు చిత్రములు. చవక యని కొంటిమి. ఒక పొర డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు, రెండు పొరలదానిలో 8.5 మాత్రమే పట్టును. అందులో మూడు పెద్ద చిత్రములను ఇరికించిన ఫలితము తెరపై కనబడినది: జనము కదిలినపుడెల్ల బొమ్మ గళ్లు గళ్లుగా విరిగినది.

ఇక ధ్వని సంగతి. ఆనాడు ధ్వని అంతయు ఒకే మార్గమున ముద్రింపబడినది. 2010లో రంగులద్ది విడుదల చేసినపుడు దానిని పలు స్పీకర్లకు పంచిరి. 5.1 అనగా అయిదు స్పీకర్లు, మంద్రధ్వనికి మరియొకటి. అందు సంభాషణలు ముఖ్యముగా మధ్య స్పీకరునుండి వచ్చును. అది లేనిచో సంగీతము మ్రోగును గాని మాట నలిగిపోవును. రెండే స్పీకర్లు గలవారు ప్లేయరు అమరికలలో స్టీరియోను ఎన్నుకొనవలెను. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు.

ఇంత పట్టింపు ఎందులకని అడుగవచ్చును. మా పిల్లలు బడిలో చదువునది తమిళము, ఇంగ్లీషు. పింగళి నాగేంద్రరావుగారి మాటలు వారికి చెవిద్వారానే అందవలెను. ఆ మాట స్పష్టముగా వినబడనిచో ఎంత పెద్ద తెర యున్నను ఏమి లాభము?

మొన్న ఆదివారము మా చిన్నవాడు అన్నతో తగవుపడి, “నీవు తసమదీయుడవు పో!” అనినాడు. అమ్మగారు ఆ మాట విని, తగవు తీర్చుట మాని, చిత్రమును మరల మొదటినుండి వేయుమనిరి.