రిపోర్టు బాగుంది, మరి మనిషి?

మా బళ్ళారిలో తెలుగువాళ్ళు ఎదురుపడగానే అడిగే మాట "ఎట్లుండావు?" అని. జవాబు కూడా ఎప్పుడూ ఒకటే, "బాగుండా". జ్వరంతో ఉన్నవాడూ అదే అంటాడు, పెళ్ళికి పోయేవాడూ అదే అంటాడు. మర్యాదకు ఈ జవాబు చాలు. వైద్యానికి మాత్రం చాలదు. రక్తపోటుకు ఒక యంత్రముంది, చక్కెరకు ఒక పరీక్ష ఉంది. ఆ జబ్బుతో మనిషి రోజు ఎలా గడుస్తోందో కొలిచే సాధనం ఏమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లోనే ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం మాత్రమే కాదనీ, శారీరకంగా, మానసికంగా, సామాజికంగా పూర్తి క్షేమంగా ఉండడమనీ నిర్వచించింది. అదే కాలంలో అమెరికాలో కార్నోఫ్‌స్కీ అనే వైద్యుడు క్యాన్సర్ రోగుల కోసం సున్నా నుంచి 100 దాకా ఒక కొలబద్ద తయారుచేశాడు. ఏ ఇబ్బందీ లేకపోతే 100, మరణం సున్నా. అది ఉపయోగపడింది, ఇప్పటికీ వాడుతున్నారు. అయితే ఆ మార్కులు వేసేది డాక్టరే. నొప్పి ఒకరిది, మార్కులు వేసే చెయ్యి మరొకరిది.

రోగినే అడగాలన్న ఆలోచన తరువాత బలపడింది. 1990లో యూరోపు పరిశోధకుల బృందమొకటి చిన్న ప్రశ్నావళిని ప్రకటించింది. దాని తరువాత స్థిరపడిన రూపంలో ఐదు సంగతులున్నాయి: నడక, స్నానం దుస్తుల వంటి సొంత పనులు, రోజువారీ వ్యవహారం, నొప్పి, దిగులు. వాటి పక్కనే థర్మామీటరులా సున్నా నుంచి 100 దాకా ఒక నిలువు గీత. ఈ రోజు మీ ఆరోగ్యం ఎక్కడుందో మీరే గుర్తు పెట్టాలి. 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా విస్తృతమైన పని మొదలుపెట్టింది. వివిధ దేశాల్లోని 15 కేంద్రాలు కలిసి చేసిన ఆ పనిలో ఢిల్లీ, మద్రాసు కూడా పాలుపంచుకున్నాయి. అందులో నుంచి వచ్చిన 26 ప్రశ్నల పత్రం శరీరం, మనసు, బంధుత్వాలు, పరిసరాలు అనే నాలుగింటినీ అడుగుతుంది.

ఇది మా ఇంట్లో ఎలా పనికివచ్చిందో చెబుతాను. మా నాయనకు 82 ఏళ్ళు. బ్రూస్‌పేటలో 40 ఏళ్ళు బట్టల దుకాణం నడిపారు. చక్కెర జబ్బు పాతదే. మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో 6.3 వచ్చింది. కాగితం మీద చక్కని అంకె. ఆయన మాత్రం సాయంత్రం బయటికి పోవడం మానేశారు. కనక దుర్గమ్మ గుడికి కూడా రానన్నారు. మేము చూపించే డాక్టరు ఒకరోజు ఆ ఐదు ప్రశ్నలు కన్నడంలో అడిగారు. నాయన కన్నడం ధారాళంగా మాట్లాడతారు. ఆందోళన ఉందా అంటే "ఏనూ ఇల్ల" అన్నారు. డాక్టరు అనుమతితో నేను తెలుగులో అడిగాను: "నాయనా, దిగులుగా ఉంటాదా నీకు?"

కొంచెంసేపు ఊరుకుని, "సాయంత్రమైతే చేతులు వణుకుతాయి, చెమట పోస్తాది. రోడ్డు మీద పడిపోతానేమోనని భయం. మీకు చెప్తే గాబరా పడతారు" అన్నారు. గీత మీద 45 దగ్గర వేలు పెట్టారు.

డాక్టరు వెంటనే గ్రహించారు. చక్కెర మరీ తగ్గిపోతోంది. పెద్ద వయసులో అది పెరగడం ఎంత చెడ్డదో, పడిపోవడమూ అంత ప్రమాదమే. ఇన్సులిన్ మోతాదు తగ్గించారు. తరువాతి పరీక్షలో 7.6 వచ్చింది. అంకె పెరిగింది, నాయన వేలు 70 దాకా పోయింది. మళ్ళీ గుడికి పోతున్నారు. (ఇది మా నాయన సంగతి. మందుల మోతాదు ఎవరికి వారు తమ డాక్టరును అడిగి తీరాలి.)

1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. అప్పటినుంచి మా వంటి ఇళ్ళలో బడి, బజారు, ఆఫీసు కన్నడంలో, కష్టసుఖాలు తెలుగులో. పోటు, సలుపు, మంట, గుంజు, తిమ్మిరి... వీటిలో ఏది చెప్పాడన్నదాన్ని బట్టి వైద్యుడి ఆలోచన మారుతుంది. అందుకే ఇటువంటి ప్రశ్నావళులను ఒక భాషలోకి మార్చాక, వేరే వారిచేత మళ్ళీ మూలభాషలోకి మార్పించి, అర్థం నిలిచిందో లేదో చూస్తారు. భాషే కాదు, బతుకూ సరిపోవాలి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు చూపు తక్కువైన పిల్లల కోసం 2003లో ప్రచురించిన ప్రశ్నావళి దీనికి మంచి ఉదాహరణ. బస్సు నంబరు కనబడుతుందా, తడమకుండా రూపాయి బిళ్ళను, రెండు రూపాయల బిళ్ళను గుర్తుపట్టగలవా, సూదిలో దారం ఎక్కించగలవా అని అడుగుతుంది. మన పిల్లవాడి చూపు తెలిసేది ఇటువంటి ప్రశ్నలతోనే.

ఈ కొలతలకు హద్దులు లేకపోలేదు. ఒకరి 70ని పక్కింటివారి 70తో పోల్చి తీర్పు చెప్పడం కష్టం. అదే మనిషి నిన్నటికీ నేటికీ పోల్చుకుంటే ఎక్కువ తెలుస్తుంది. ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్నవారు దానికి అలవాటుపడి, చూసేవారు అనుకునేదానికంటే ఎక్కువ మార్కులే వేసుకుంటారు. అందుచేత రోగి బదులు ఇంటివారు జవాబు చెబితే లెక్క తప్పుతుంది. మన ఇళ్ళలో డాక్టరు ఒక ప్రశ్న వేస్తే నలుగురం జవాబిస్తాం. ఆ అలవాటు కాస్త తగ్గించుకోవాలి.

పాఠకులలో చాలామంది తల్లిదండ్రులు ఒక ఊళ్ళో, తాము వేరే రాష్ట్రంలోనో దేశంలోనో ఉన్నవారే. ఫోనులో "ఆరోగ్యం బాగుందా?" అంటే "బాగుంది" అనే జవాబు వస్తుంది. ఆ ఐదు సంగతులను మన మాటల్లో విడివిడిగా అడిగి చూడండి. ఈ వారం ఎంతదూరం నడిచారు? స్నానానికి సాయం కావలసి వచ్చిందా? ఏ పని మానేశారు? ఎక్కడ నొప్పి? రాత్రి నిద్రపట్టక ఏమి ఆలోచించారు? జవాబులు తేదీతో ఒక నోటుబుక్కులో రాసిపెట్టి, డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు రిపోర్టుల ఫైలుతో పాటు ఆ పుస్తకాన్నీ తీసుకుపోండి. ఐదో ప్రశ్న మాత్రం వారికి చిన్నప్పటినుంచీ అలవాటైన భాషలోనే అడగండి.