టికెట్ ఎవరికివ్వాలో మనల్ని ఎవరడిగారు?

2020 మార్చి 4, బుధవారం. పొద్దున ఆరున్నర. చాయ పొయ్యి మీద ఉంది. టెక్సాస్ నుంచి మా అక్క బిడ్డ ఫోన్ చేసింది. అక్కడ ఇంకా మంగళవారం రాత్రే. మా బావ ఇక్కడి చక్కెర మిల్లులోనే పనిచేసిండు. పిల్ల మన కాలనీ వీధుల్లోనే ఆడుకుంది, బీదర్‌లోనే చదువుకుంది, పెళ్లయి డాలస్ పక్కకు పోయింది. ఇప్పుడు అక్కడి పౌరురాలు.

"చిన్నమ్మా, ఇయాల ఓటేసి వచ్చిన" అంది.

"మీ ఎలక్షన్ నవంబర్‌ల గదా! మార్చిల ఓటేంది?"

"ఇది ప్రెసిడెంట్ ఓటు కాదు చిన్నమ్మా. మా పార్టీ తరఫున ఎవరు నిలబడాలెనో తేల్చే ఓటు. ప్రైమరీ అంటరు."

"అంటే టికెట్ మీరే ఇస్తరా?"

"మేమే ఇస్తం. మీకాడ ఎవరిస్తరు?"

నాకు నవ్వొచ్చింది. "మనకాడ టికెట్ బెంగళూరుల, ఢిల్లీల తయారై వస్తదే బిడ్డా. మనం పొయ్యి గుర్తు మీద ఒత్తి రావుడే" అన్నాను. ఫోన్ పెట్టేసినాక ఆ నవ్వు నాకే చేదనిపించింది. ముప్పై ఏళ్లుగా ఓటేస్తున్నాను. ఎవరికి ఓటేయాలని వందమంది చెప్పారు గాని, ఎవరిని నిలబెడదామని ఒక్కరూ అడగలేదు.

అక్కడ టికెట్ ఎట్లా తేలుతుంది

పిల్ల చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. టెక్సాస్‌లో ప్రైమరీ ఓటేయడానికి పార్టీ సభ్యత్వ రసీదు అక్కరలేదు. ఓటరు జాబితాలో పేరుంటే చాలు. బూత్‌కు పోయి రెండు పెద్ద పార్టీల్లో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పాలి. ఒక్కదాంట్లోనే వేయాలి, రెండిట్లో కుదరదు. అన్ని రాష్ట్రాల్లో ఇదే పద్ధతి లేదు. కొన్నిచోట్ల ముందే ఫలానా పార్టీ అని నమోదై ఉండాలి. అయోవా, న్యూ హాంప్‌షైర్ లాంటి చిన్న రాష్ట్రాల్లో ఫిబ్రవరిలో మొదలై, ఆ ఏడు మార్చి 3న ఒక్కరోజే 14 రాష్ట్రాల్లో ఓటింగ్ జరిగింది. ఓట్లను బట్టి ప్రతినిధులు దక్కుతారు. డెమోక్రాటిక్ పార్టీలో నూటికి 15 ఓట్లన్నా రాని వారికి ప్రతినిధులు దక్కరు. ఆ ప్రతినిధులంతా మహాసభలో కూడి అభ్యర్థిని ప్రకటిస్తారు.

ఇది అక్కడ మొదటి నుంచీ ఉన్న ముచ్చట కాదు. ఒకప్పుడు అక్కడా తలుపులు మూసుకున్న గదుల్లోనే టికెట్లు తేలేవి. విస్కాన్సిన్ గవర్నర్ రాబర్ట్ లా ఫొలెట్ పట్టుబట్టి 1903లో ప్రైమరీ చట్టం తెచ్చాడు. 1968లో కూడా హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే డెమోక్రాటిక్ టికెట్ సంపాదించాడు. షికాగో మహాసభ బయట జనం లొల్లి పెట్టారు, పోలీసు లాఠీలు విరిగాయి. ఆ దెబ్బకు పార్టీ నియమాలు మార్చుకుంది. 1972 నుంచి ప్రైమరీ ఓటుకు అసలు విలువ వచ్చింది.

మా పిల్ల ఉండే టెక్సాస్ కథ ఇంకా చేదు. అక్కడ చాలాకాలం డెమోక్రాటిక్ టికెట్ దొరికితే గెలిచినట్టే. ఆ ప్రైమరీలో తెల్లవాళ్లకే ఓటు అని నియమం పెట్టారు. నవంబర్‌లో నల్లవాళ్లు ఓటేయవచ్చు, కాని అప్పటికే అంతా అయిపోయి ఉండేది. లానీ స్మిత్ అనే నల్లజాతి దంతవైద్యుడు హ్యూస్టన్‌లో దీని మీద కేసు వేశాడు. ఆయన తరఫున వాదించినవారిలో తర్వాత సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్ ఉన్నాడు. 1944లో ఆ నియమాన్ని కోర్టు కొట్టేసింది.

ఈ కథలో మనకు పాఠం ఉంది. గెలిచే పార్టీ ఏదో ముందే తెలిసిన చోట అసలు ఎన్నిక టికెట్ దగ్గరే జరుగుతుంది. అక్కడ నోరు లేనివాడికి ఓటు ఉన్నా సగం ఓటే.

మనసు ఓటా, గెలుపు ఓటా

"ఇంతకూ ఎవరికేసినవ్?" అని అడిగాను.

"శాండర్స్‌కు. ఆయనేమో బైడెన్‌కు ఏసిండు."

"మీ ఆయన మాట కాదని ఏసినవా? ఇంట్ల లొల్లి కాలేదా?"

"ఎందుకు కాదు? రెండు రోజులు అయింది. ఆయన మాట ఆయనది, నా ఓటు నాది."

వాళ్లాయన వాదన మనకు కొత్తది కాదు. "శాండర్స్ చెప్పేవన్నీ మంచివే, కాని ట్రంప్ మీద గెలవడు. ఓటు మురిగిపోతది." ఈ మాట మన కాలనీలో ఎన్నిసార్లు విన్నాం! మంచి మనిషి నిలబడితే "మంచోడే, గని గెలుస్తడా?" అంటాం. అందరం అదే అనుకొని వేయం, ఆయన ఓడిపోతాడు. "చూసినవా, నేను చెప్పలే" అంటాం.

పిల్ల శాండర్స్ వైపు పోవడానికి పుస్తకాలు కారణం కాదు. అంతకుముందు ఏడు వాళ్లాయన ఉద్యోగం పోయింది. అక్కడ చాలామందికి ఉద్యోగంతోనే ఆరోగ్య బీమా ముడిపడి ఉంటుంది. నౌకరీ పోతే బీమా పోతుంది. ఆ మూడు నెలలు చంటిపిల్లకు జ్వరం వస్తే దవాఖాన బిల్లు తలుచుకొని వణికిందట. బీమా అందరికీ సర్కారే ఇవ్వాలని, గంటకు 15 డాలర్ల కనీస కూలి ఉండాలని శాండర్స్ అప్పుడు అంటుండె. అక్కడ దేశమంతటికీ వర్తించే కనీస కూలి 2009 నుంచి ఏడుంబావు డాలర్ల దగ్గరే ఆగి ఉంది.

టెక్సాస్‌లో బైడెన్ మొదట, శాండర్స్ రెండోస్థానంలో వచ్చారు. టికెట్ బైడెన్‌కే దక్కింది. నవంబర్‌లో పిల్ల బైడెన్‌కే ఓటేసింది. "మరి మార్చి ఓటు మురిగినట్టే గదా?" అంటే ఒప్పుకోలేదు. అన్ని లక్షల ఓట్లు వచ్చినందుకే బైడెన్ మనుషులు శాండర్స్ మనుషులతో కూర్చొని ఉమ్మడి కమిటీలు వేసి విధానాలు రాసుకోవలసి వచ్చింది. 15 డాలర్ల కూలి పార్టీ మాటగా నిలిచింది. 2021లో సెనేట్‌లో అది వీగిపోయింది, అదీ నిజమే. కాని 2022 చట్టంతో మెడికేర్‌లో ఉన్న ముసలివాళ్లకు ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు దాటకుండా కట్టడి వచ్చింది. అడిగినదంతా రాలేదు. అడగకపోతే ఇదీ రాకపోవును.

ప్రైమరీ ఉన్నంత మాత్రాన అంతా బంగారం అనుకోవద్దు. ఆ మార్చి 3నే హ్యూస్టన్‌లో జనం గంటల తరబడి లైన్లలో నిలబడ్డారు. ఒక బూత్‌లో ఆఖరి ఓటు పడేసరికి రాత్రి ఒంటిగంట అయింది. 2024లో గాజా యుద్ధం మీద కోపంతో మిషిగన్ ప్రైమరీలో లక్షమందికి పైగా "ఎవరికీ కట్టుబడం" అన్న గడిలో ఓటేశారు. మన నోటా లాంటిదే, కాకపోతే టికెట్ తేలకముందే వేసింది. అదే ఏడు జులైలో బైడెన్ తప్పుకుంటే, కమలా హారిస్‌కు టికెట్ ప్రైమరీ ఓటు లేకుండానే దక్కింది. అంటే అక్కడ కూడా జనం చేతి నుంచి టికెట్ జారిపోవడం ఉంది.

మన రాష్ట్రంలో ఒకసారి

చాలామందికి గుర్తుండదు. 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు రాహుల్ గాంధీ మాట మీద కాంగ్రెస్ దేశంలో పదిహేను దాకా నియోజకవర్గాల్లో ఇలాంటి ప్రైమరీ పెట్టింది. అందులో రెండు మన కర్ణాటకవే: బెంగళూరు ఉత్తర, దక్షిణ కన్నడ. బెంగళూరు ఉత్తరలో సి. నారాయణస్వామి, దక్షిణ కన్నడలో జనార్దన పూజారి నెగ్గారు. పూజారి చేతిలో ఓడింది వీరప్ప మొయిలీ కొడుకు హర్ష మొయిలీ. పెద్ద నాయకుని కొడుకైనా లైన్లో నిలబడి ఓట్లు అడగవలసి వచ్చింది. అది చిన్న సంగతి కాదు.

లోపం కూడా ఉంది. ఓటు పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లకే. మామూలు ఓటరుకు లేదు. వడోదరలో ప్రైమరీ నెగ్గిన నరేంద్ర రావత్ పక్కకు తప్పుకున్నాడు, మోదీ మీద మధుసూదన్ మిస్త్రీని నిలబెట్టారు. మన రాష్ట్రంలో నెగ్గిన ఇద్దరూ అసలు ఎన్నికల్లో ఓడారు. ఆ పద్ధతి అంతటితో సద్దుమణిగింది. 2022లో పంజాబ్‌లో ఆమ్ ఆద్మీ పార్టీ ముఖ్యమంత్రి అభ్యర్థి ఎవరని ఫోన్ల ద్వారా జనాన్ని అడిగి భగవంత్ మాన్‌ను ప్రకటించింది. అడగడం మంచిదే, కాని ఫోన్ల లెక్క పార్టీ చేతిలోనే ఉంటుంది. బ్యాలెట్ అట్లా కాదు.

ఇక మన బీదర్. 2014లో, 2019లో భగవంత్ ఖూబా గెలిచారు. 2024లో మంత్రి ఈశ్వర్ ఖండ్రే కొడుకు సాగర్ ఖండ్రే 26 ఏళ్ల వయసులో ఖూబాను ఓడించారు. వాళ్ల మంచిచెడ్డలు ఇక్కడ నా ప్రశ్న కాదు. రెండు పార్టీల టికెట్లూ మనల్ని అడిగి ఇచ్చినవి కావు. అంతే నా మాట.

ఎవరూ అడగని సంగతులు

అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లం? నా ఇంటి సంగతే చెప్తాను.

మా ఇంటాయన మిల్లు బాయిలర్ కాడ ఇరవై ఎనిమిదేళ్లు చేసిండు. గుండె ఆపరేషన్ అయితే అప్పు తెచ్చి కట్టినం. ఈఎస్ఐ ఏదీ అని మీరడుగుతారు. 1948 నాటి ఈఎస్ఐ చట్టం సీజన్ ఫ్యాక్టరీలను పక్కన పెట్టింది. ఆ జాబితాలో చక్కెర తయారీ కూడా ఉంది. క్రషింగ్ నాలుగైదు నెలలే అని మన రోగాలు కూడా నాలుగైదు నెలలే వస్తాయా? టెక్సాస్‌లో మా పిల్ల ఏ బాధతో ఓటేసిందో, ఆ బాధే నాది. ఆమెకు బ్యాలెట్ మీద ఆ మాట చెప్పుకునే తావు దొరికింది. నాకు దొరకలేదు.

రెండోది పెన్షన్. ఈపీఎఫ్ పెన్షన్‌లో కనీసం 2014లో వెయ్యి రూపాయలు చేశారు. మా ఇంటాయనకు పదిహేడు వందలు వస్తుంది. మందులకే చాలదు.

మూడోది పని గంటలు. 2023 ఫిబ్రవరిలో మన శాసనసభ ఫ్యాక్టరీల చట్టానికి సవరణ పాస్ చేసింది. వారానికి 48 గంటలు దాటకుండా, కార్మికుడి రాతపూర్వక ఒప్పుదలతో, రోజుకు 12 గంటల దాకా పని చేయించుకోవడానికి వీలు ఇచ్చింది. గేటు బయట పదిమంది నిలబడి ఉంటే ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టనంటాడా ఎవడన్నా? మూడు నెలలకే ఎన్నికలు వచ్చినై. మా వీధికి వచ్చిన ఏ పార్టీవాళ్లూ ఆ ముచ్చట ఎత్తలేదు. సిగ్గుతో చెప్తున్నా, మేమూ అడగలేదు. రోడ్డు, నల్లా, గుడి కమాను అడిగినం.

గృహలక్ష్మి రెండు వేలు నేనూ తీసుకుంటున్నా. శక్తి బస్సులో బిడ్డ ఇంటికి పోయి వస్తున్నా. మంచి పథకాలే. కాని ఇచ్చింది తీసుకునుడు వేరు, ఏం కావాలని అడిగించుకునుడు వేరు.

మన ఇంట్లో, మన గేటు కాడ

పార్టీలను అనే ముందు మనల్ని మనం చూసుకోవాలి. మన కాలనీలో ఓటు ఎవరికో ఇంటి మగవాళ్లు కట్ట మీద కూర్చొని తేలుస్తారు. "మనోడా, కాదా" అని కులం చూస్తారు. ఆడవాళ్లకు స్లిప్పు చేతికిచ్చి గుర్తు చెప్తారు. మిల్లు యూనియన్‌లో గేటు మీటింగ్ పెట్టి చేతులెత్తమంటారు. పక్కన మేస్త్రీ నిలబడి ఉంటే ఎవరు ఎత్తకుండా ఉంటారు? సహకార మిల్లులో డైరెక్టర్లకు ఓటేసే హక్కు వాటాదారు రైతుకే. ముప్పై ఏళ్లు సెంట్రిఫ్యూగల్ కాడ చెమటోడ్చినవాడికి లేదు.

ఇది బసవకల్యాణం ఉన్న జిల్లా. 12వ శతాబ్దంలో అనుభవ మంటపంలో బట్టలుతికే మాచయ్య, పడవ నడిపే చౌడయ్య, అక్క మహాదేవి ఒకే కప్పు కింద కూర్చొని వాదులాడుకున్నారని మన పిల్లలు బడిలో చదువుకుంటారు. మన కట్ట మీద ఆడమనిషి కూర్చోవడానికి ఇప్పటికీ చాప వేయరు.

నేను అడిగేది పెద్దది కాదు. పార్టీలు ప్రైమరీ పెట్టేదాకా మనం ఆగనక్కర లేదు. మూడు పనులు చేద్దాం.

ఒకటి: ఎన్నికలు దగ్గరపడ్డప్పుడు టికెట్ కోసం తిరిగేవాళ్లంతా ఎవరో జిల్లాలో అందరికీ తెలుస్తుంది. టికెట్ రాకముందే అన్ని పార్టీలవాళ్లనూ కాలనీకి పిలుద్దాం. వచ్చినవాళ్లను సీజన్ కార్మికులకు ఈఎస్ఐ, పెన్షన్, 12 గంటల పని మీద ఏమంటారో అందరి ముందూ చెప్పమందాం. రానివాళ్ల పేరు గోడ మీద రాద్దాం.

రెండు: యూనియన్ ఎన్నికల్లో చేతులెత్తే పద్ధతి మాని, డబ్బాలో చీటీ వేసే పద్ధతి పెడదాం. వాడుక అక్కడ మొదలైతే బయటా అడగగలుగుతాం.

మూడు: ఇంట్లో ఎవరి ఓటు వారిది. భార్యాభర్తలు వాదులాడుకోవచ్చు. బూత్‌లో మాత్రం ఎవరి వేలు వారిదే.

మొన్న పిల్ల మళ్లీ ఫోన్ చేసింది. ఈ వ్యాసం రాస్తున్నానంటే నవ్వింది. "చిన్నమ్మా, నువ్వు ఈసారి ఎవరికేస్తవ్?" అంది.

"ముందుగాల ఎవరిని నిలబెట్టాలెనో నన్ను అడగమను, అప్పుడు చెప్తా" అన్నాను.

మంచం మీద పడుకున్న మా ఇంటాయన విని, "నన్ను గూడ" అన్నడు.