మూడు వేగాలు, మూడు జ్ఞాపకాలు: బ్రిటన్ పల్లెసీమలలో ఒక సేద్యశాస్త్ర పర్యటన

విదేశీ సదస్సులకు వెళ్ళే మన శాస్త్రవేత్తల పర్యటన సాధారణంగా విమానాశ్రయం, సమావేశ మందిరం, బస అనే మూడింటి మధ్యనే ముగిసిపోతుంది. ఒక జూన్ నెలలో ఇంగ్లండులో సదస్సు ముగిసిన తరువాత నాకు 9 రోజుల వ్యవధి మిగిలింది. ఆ రోజులను నగరాలలో గడపక కొంత దూరం రైలులో, కొంత సైకిలుపై, కొంత కారులో ఆ దేశపు పల్లెలను చూడాలని నిశ్చయించుకొన్నాను. ప్రయాణ సాధనం మారినప్పుడల్లా నేల కనిపించే తీరు కూడా మారుతుందని ఆ 9 రోజులలో గ్రహించాను. అంతకంటె ముఖ్యంగా, నేను ఏనాడో చేసి మరచిపోయిన ఒక పొరపాటు ఆ పర్యటనలో నాకు మళ్ళీ ఎదురైంది. విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఉపయోగపడవచ్చునని ఈ అనుభవాలను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

రైలు: సీసాలలో దాచిన కాలం

లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నుండి హార్పెండెన్‌కు రైలులో అరగంట ప్రయాణం. సేద్యశాస్త్రం చదివిన ప్రతివారికీ సుపరిచితమైన రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం ఈ చిన్న పట్టణంలోనే ఉన్నది. 1842లో సూపర్ ఫాస్ఫేట్ తయారీకి పేటెంటు పొందిన జాన్ బెనెట్ లాస్, రసాయన శాస్త్రజ్ఞుడైన జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్‌తో కలసి 1843లో తన ఎస్టేటులోనే ప్రయోగాలు ఆరంభించాడు. ఆ సంవత్సరం శరదృతువులో బ్రాడ్‌బాక్ అనే పొలంలో గోధుమ విత్తారు. నాటి నుండి నేటి వరకు ఆ ప్రయోగం కొనసాగుతూనే ఉన్నది.

ముందుగా అనుమతి తీసుకొని ఆ పొలం గట్టున నిలబడ్డాను. అప్పుడే వెన్ను తీసిన పైరు. 1843 నుండి ఏ ఎరువూ ఎరుగని మడి ఒకటి. అక్కడ గోధుమ పొట్టిగా, పలుచగా, పాలిపోయి ఉన్నది. ఏటా గోధుమే వేసే ఆ మడిలో హెక్టారుకు సుమారు 1 టన్ను దిగుబడి నేటికీ వస్తున్నది. ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేస్తున్న మడిలో సేంద్రియ కర్బనం ఆ వట్టి మడితో పోల్చితే రెట్టింపునకు మించి ఉన్నది. తరగతి గదిలో 25 ఏళ్ళు పటాలు గీసి చెప్పిన విషయమే అయినా, రెండు మడుల మట్టిని రెండు చేతులలో పట్టుకొని చూసినప్పుడు కలిగిన అవగాహన వేరు. 1919లో ఈ కేంద్రానికి వచ్చిన ఆర్.ఎ. ఫిషర్, అక్కడ పోగుపడిన దిగుబడుల లెక్కలతో కుస్తీ పట్టే క్రమంలోనే మనమంతా ఈనాడు వాడుతున్న వేరియన్స్ విశ్లేషణను, యాదృచ్ఛిక ప్రయోగ రచనను రూపొందించాడు.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది పొలం కాదు, నమూనాల భాండాగారం. ఆరంభ దశాబ్దాల నుండి ఆరబెట్టి భద్రపరచిన గింజ, గడ్డి, మట్టి, ఎరువుల నమూనాలు 3 లక్షలకు పైగా అక్కడ ఉన్నవి. 1844 నుండి నిల్వ ఉన్న గోధుమ నమూనాలలోని డీఎన్ఏను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, రెండు సెప్టోరియా తెగుళ్ళ పరస్పర నిష్పత్తి గాలిలోని సల్ఫర్ డయాక్సైడును అనుసరించి మారుతూ వచ్చిందని 2005లో ప్రకటించారు. ఆ తొలి సీసాలకు మూత బిగించినవారికి డీఎన్ఏ అనే మాటే తెలియదు. ప్రయోజనం తెలియకపోయినా దాచిపెట్టడం వారు చేసిన మేలు.

రైలు కిటికీ: చాళ్ళు దాగిన పచ్చిక

హార్పెండెన్ నుండి ఉత్తరంగా లెస్టర్ చేరి, అక్కడ రైలు మారి మెల్టన్ మోబ్రే, ఓకమ్, స్టామ్‌ఫర్డ్ మీదుగా పీటర్‌బరోకు వెళ్ళాను. జూన్‌లో అక్కడ రాత్రి 9 గంటల వరకు వెలుతురు ఉంటుంది. ఏటవాలుగా పడుతున్న సాయంకాలపు ఎండలో కొన్ని పచ్చిక బయళ్ళు అలలు తీరినట్లు కనిపించాయి. అవి మధ్యయుగాల నాటి ఎద్దుల నాగలి గుర్తులు. ఒకే వైపుకు మట్టి తిరగవేసే ఆ నాగలితో మడి చుట్టూ తిరుగుతూ నడుమకు మట్టిని ఎగవేయడం వలన మధ్య మిట్టగా, అంచులు పల్లంగా ఏర్పడ్డాయి. తరువాతి కాలంలో, ముఖ్యంగా 18, 19 శతాబ్దాలలో పార్లమెంటు చట్టాల ద్వారా ఉమ్మడి పొలాలకు కంచెలు వేసినప్పుడు, దున్నిన భూములు అనేకం గొర్రెల మేతకు మారాయి. మళ్ళీ నాగలి పడని చోట ఆ చాళ్ళు గడ్డి కింద అలాగే నిలిచాయి. వీటిని చూడాలంటే కొంత దూరం, కొంత ఎత్తు, ఏటవాలు ఎండ కావాలి. రైలు గట్టు ఈ మూడింటినీ సమకూర్చింది.

సైకిలు: నాలుగు మీటర్ల లోటు

పీటర్‌బరోలో సైకిలు అద్దెకు తీసుకొని దక్షిణంగా సుమారు 12 కిలోమీటర్లు తొక్కుకొంటూ హోమ్ ఫెన్‌కు వెళ్ళాను. ఇది ఫెన్స్ అని పిలిచే చిత్తడి పల్లపు ప్రాంతంలో భాగం. 17వ శతాబ్దంలో కార్నెలియస్ వెర్ముయిడెన్ అనే డచ్ ఇంజనీరు పర్యవేక్షణలో ఇక్కడ పెద్ద ఎత్తున మురుగు కాలువలు తవ్వారు. నీటిని తోడడానికి మొదట గాలిమరలు, ఆ పిమ్మట ఆవిరి యంత్రాలు, నేడు డీజిల్, విద్యుత్ పంపులు పని చేస్తున్నాయి.

కారులో వెళ్ళేవారికి ఇది చదునైన నేలగా మాత్రమే తోస్తుంది. సైకిలు తొక్కేవారికి రెండు విషయాలు ఒంటికి తెలుస్తాయి. అడ్డు లేని గాలి మొదటిది. రోడ్డు ఎగుడుదిగుడు రెండవది. కింది పీట్ నేల ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా కుంగడం వలన తారు రోడ్డు అలలవలె వంకరలు తిరిగింది. పొలాలు కుంగిపోగా, కట్టల మధ్య పారే నదులు, కాలువలు వాటికంటె ఎత్తున మిగిలిపోయాయి.

హోమ్ ఫెన్‌లో బిర్చి చెట్ల మధ్య ఒక ఇనుప స్తంభం ఉన్నది. 1851లో విట్లసీ మియర్ అనే పెద్ద సరస్సును ఎండగట్టిన సందర్భంలో, నేల ఎంత కుంగుతుందో కొలిచేందుకు దానిని పాతి, పైకొన నేలమట్టానికి సమంగా ఉంచారు. ఈనాడు ఆ కొన నేలకు సుమారు 4 మీటర్ల ఎత్తున ఉన్నది. స్తంభం పెరగలేదు, నేల దిగిపోయింది. నీరు తొలగిన పీట్ మొదట కుదించుకుపోతుంది. తరువాత గాలి సోకి, సూక్ష్మజీవుల చర్యతో బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది. వేల సంవత్సరాలలో పేరుకొన్న సేంద్రియ పదార్థం కొన్ని తరాల సేద్యంలో ఈ విధంగా కరగిపోయింది. ఇప్పుడు ఆ చోటు సముద్ర మట్టానికి 2.75 మీటర్ల దిగువన, గ్రేట్ బ్రిటన్‌లోకెల్లా పల్లపు ప్రదేశంగా నిలిచింది.

ఆ స్తంభం పక్కన సైకిలు ఆనించి చాలాసేపు కూర్చున్నాను. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన 1852 నాకు గుర్తు వచ్చింది. ఇంచుమించు ఒకే కాలంలో అక్కడ నీటిని తోడి, ఇక్కడ నీటిని మళ్ళించి అన్నం పండించారు. రెండూ ఆకలిని తీర్చిన పనులే. ఫెన్స్ నేలలు నేటికీ గోధుమ, బంగాళాదుంప, షుగర్ బీట్, కూరగాయలు సమృద్ధిగా పండిస్తున్నాయి. అందుచేత అక్కడి రైతును తప్పు పట్టడం తేలిక కాదు. ప్రతి సంవత్సరపు లెక్కలో లాభమే కనిపించింది. నష్టం కనిపించింది స్తంభం మీదనే. ప్రస్తుతం ఆ పరిసరాలలో గ్రేట్ ఫెన్ అనే పథకం కింద నీటిమట్టాన్ని తిరిగి పెంచి, తడి నేలలోనే పెరిగే మొక్కలను పంటగా పరీక్షిస్తున్నారు. వాటిలో మన కాలువలలో రైతులు పీకలేక విసిగిపోయే జమ్ము కూడా ఉన్నది.

కారు: మందకు తెలిసిన సరిహద్దు

పీటర్‌బరో నుండి డార్లింగ్టన్ వరకు మళ్ళీ రైలు. 1825లో ఆవిరి యంత్రంతో రైలు నడిపిన స్టాక్టన్–డార్లింగ్టన్ మార్గం వలన ప్రసిద్ధి కెక్కిన ఊరిది. అక్కడి నుండి యార్క్‌షైర్ డేల్స్‌లోని స్వేల్‌డేల్ లోయకు రైలు లేనందున కారు తీసుకొన్నాను. మనవలెనే ఎడమవైపు నడిపే దేశం కనుక ఇబ్బంది లేదు గాని, రాతి గోడల నడుమ ఒక బండికే చాలిన దారులలో ఎదురుబండికి తోవ ఇస్తూ వెనుకకు నడపడం మాత్రం నేర్చుకోవలసి వచ్చింది.

ఆ గోడలకు సున్నం గాని, సిమెంటు గాని లేదు. లోపలికి వాలినట్లు రెండు వరుసలు పేర్చి, నడుమ చిన్న రాళ్ళు నింపి, అక్కడక్కడ రెండు వరుసలనూ కలిపే పొడవాటి రాళ్ళు వేస్తారు. మ్యూకర్ అనే ఊరి పక్కన గడ్డి పొలాలు పూలతో నిండి ఉన్నవి. వసంతంలో గొర్రెలను కొండపైకి తోలి, గడ్డిని పూత, విత్తనం వరకు పెరగనిచ్చి, జూలైలో కోసి ఎండబెడతారు. కొద్దిపాటి పశువుల ఎరువు తప్ప నత్రజని ఎక్కువగా వేయరు. ఎందుకో రోథమ్‌స్టెడ్‌లోని పార్క్ గ్రాస్ ప్రయోగంలో ముందే చూశాను. 1856 నుండి ఎరువు వేయని మడులలో సుమారు 40 జాతుల మొక్కలుండగా, సున్నం లేకుండా అమ్మోనియం సల్ఫేటు మాత్రం పడుతూ వచ్చిన మడులలో రెండు మూడు జాతులే మిగిలాయి. పొలం మధ్య కాలిబాటలో ఒకరి వెనుక ఒకరు నడవండి అని పలక పెట్టారు. ఆ గడ్డి వారికి చలికాలపు మేత.

నేను బస చేసిన ఇంటి వృద్ధ రైతు నన్ను కొండ మీదికి తీసుకువెళ్ళి తన మందను చూపాడు. నల్లని ముఖం, తెల్లని మూతి గల స్వేల్‌డేల్ గొర్రెలవి. పైన కంచె లేదు. అయినా మంద తన హద్దు దాటదు. తల్లి వెంట తిరిగే పిల్ల ఏ వాగు దగ్గర నీరు, ఏ చరియ చాటున మంచు గాలి తగలదు, ఎక్కడి నుండి వెనుదిరగాలి అన్నవి నేర్చుకొంటుంది. దీనిని హెఫ్టింగ్ అంటారు. 2001లో గాలికుంటు వ్యాధి వ్యాపించినప్పుడు బ్రిటన్‌లో 60 లక్షలకు పైగా పశువులను వధించారు. దేశమంతటా కాలిబాటలు మూసివేశారు. యాత్రికులు రాక పల్లెలలోని బసలు, దుకాణాలు తీవ్రంగా నష్టపోయాయి. పశువుకు పరిహారం చెల్లించారు. కాని మంద అంతరించిన కొండలపై కొత్త గొర్రెలను తెచ్చి వదిలితే వాటికి హద్దు తెలియదు. వాటికి మళ్ళీ నేర్పడానికి కాపరులు సంవత్సరాల తరబడి శ్రమించవలసి వచ్చింది.

వెళ్ళదలచిన విద్యార్థులకు

సందర్శకులు మన దేశపు చెల్లుబాటు అయ్యే లైసెన్సుతో అక్కడ 12 నెలల వరకు కారు నడపవచ్చు. దూరాలు, వేగాలు మైళ్ళలో ఉంటాయి. రద్దీ వేళలు తప్పించి, ముందుగా కొంటే రైలు టిక్కెట్టు చౌక. సైకిలుకు దూరపు రైళ్ళలో ముందుగా స్థలం కేటాయించుకోవాలి. పొలాల మధ్య పసుపు బాణం గుర్తు ఉన్న దారిలో నడవడానికి అందరికీ హక్కు ఉన్నది. నీలి బాణం దారిలో సైకిలు కూడా వెళ్ళవచ్చు. తెరచిన గేటును మళ్ళీ మూయడం మరువరాదు.

మన క్షేత్రాల సంగతి

మూడు చోట్లా నేను చూసినది ఒక్కటే. నిదానంగా ఏర్పడి, ఏ సీజను లెక్కలోనూ కనిపించని సంపద. ఒకచోట దానిని దాచారు, ఒకచోట కరగదీశారు, ఒకచోట పోగొట్టుకొని తిరిగి నేర్చారు.

ఇక నా పొరపాటు. కొన్నేళ్ళ క్రితం ఒక పరిశోధన క్షేత్రంలో 14 ఏళ్ళుగా సాగుతున్న ఎరువుల మడులను, కొత్త ఫలితాలు రావడం లేదన్న కారణంతో ఆపివేయాలని నిర్ణయించిన సంఘంలో నేనొక సభ్యుణ్ణి. అభ్యంతరం చెప్పక సంతకం చేశాను. నమూనాల డబ్బాలను ఖాళీ చేసి గదిని మరొక పనికి వాడుకొన్నారు. మన దేశంలో 1970లో మొదలైన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల సమన్వయ పథకం ఉన్నది. మన జగిత్యాలలోనూ వరి తరువాత వరి వేసే మడులు దానిలో భాగంగా నడుస్తున్నాయి. కాబట్టి వాటి విలువ నాకు తెలియదని చెప్పుకొనే అవకాశం లేదు.

స్వదేశం చేరిన పిదప ఆ క్షేత్రానికి వెళ్ళాను. వయ్యారిభామ దుబ్బుల కింద వెదకగా నాలుగు సరిహద్దు రాళ్ళలో మూడు దొరికాయి. పాత చీటీలలో కొన్ని చెదలు తినగా మిగిలినవి ఒక విశ్రాంత క్షేత్ర సహాయకుని వద్ద ఉన్నవి. మూడు రాళ్ళ ఆధారంగా నాలుగవ మూల కొలిచి, మడికొక మట్టి నమూనా తీసి, తేదీ వేసి, సీసాలకు మూత బిగించాము. ఎందుకు సార్ ఇవి అని వెంట వచ్చిన విద్యార్థి అడిగాడు. నాకు తెలియదని, తెలిసేవారు తరువాత వస్తారని చెప్పాను. చదువరులలో ఎవరి క్షేత్రంలోనైనా అటువంటి రాళ్ళు మిగిలి ఉంటే, ఈ వర్షాలకు ముందే వాటి చుట్టూ కలుపు తీయించవలసినదిగా కోరుతున్నాను.