ఫెలినీ ఊళ్ళో ఒక్క రాత్రి మకాం

సొంతవూరి కథ తీయాలనుకున్న దర్శకుడు ఏం చేస్తాడు? యూనిట్‌ని వెంటబెట్టుకుని ఆ వూరికే వెళ్తాడు. ఇటలీ దర్శకుడు ఫెడరికో ఫెలినీ మాత్రం అలా చెయ్యలేదు. తను 1920లో పుట్టి, పెరిగిన రిమినీ పట్టణాన్ని 'అమర్‌కార్డ్' (1973) కోసం రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో సెట్టింగు వేయించాడు. ఆఖరికి సముద్రాన్ని కూడా ప్లాస్టిక్ షీట్లతోనే చేయించాడు! ఆ చిత్రం 1975లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ అందుకుంది. ఆ ప్రాంతపు యాసలో 'అమర్‌కార్డ్' అంటే 'నాకు గుర్తుంది' అని అర్థం.

మరి అసలు రిమినీ ఎలా వుంటుంది? చూడాలంటే జేబు బరువుగా వుండాలా?

ఆ సంగతేదో తేల్చుకుందామని 2024 మే నెలలో, బొలోనా నుంచి రోమ్ వెళ్తూ, మా ఆవిడా నేనూ వీపున సంచులతో అక్కడ దిగిపోయాం. రోజుకి ఇద్దరికీ కలిపి 75 యూరోలు... అదీ మా లెక్క. ఆ పైన ఒక్క యూరో దాటినా మర్నాటి భోజనంలో కోత! "ఆ డబ్బుతో బంగారం కొనుక్కుంటే పడివుండేది గదా" అని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నమాట ఇద్దరి చెవుల్లోనూ ఇంకా మోగుతూనే వుంది.

చవకగా ఎలా?

బొలోనా నుంచి ఎక్స్‌ప్రెస్ కాకుండా మామూలు ప్రాంతీయ రైలు ఎక్కితే గంటన్నర ప్రయాణం. టికెట్టు చాలా తక్కువ. రిమినీ స్టేషనుకి ఒకవైపు పాత వూరు, రెండోవైపు సముద్రం. రెండింటికీ నడిచే పోవచ్చు, టాక్సీ బాధ లేదు. వేసవి రద్దీ ఇంకా మొదలవలేదు కనక చిన్న లాడ్జిలో గది, మనిషికింత అని వేసే టూరిస్టు పన్నుతో కలిపి 48 యూరోలకి దొరికింది.

బీచ్ పొడవునా రంగురంగుల గొడుగులు, పడక కుర్చీలు. వాటికి అద్దె. ఐతే ఓడరేవు కాలువ పక్కన ఉచితంగా కూర్చునే ఇసుక కూడా వుంది. తువ్వాలు పరుచుకుంటే అదే మన సింహాసనం!

తిండికి 'పియదీనా' అనే గోధుమ రొట్టె. పెనం మీద కాల్చి, మధ్యలో మెత్తటి చీజూ ఆకుకూరా పెట్టి మడిచిస్తారు. ఒకటి తింటే పూట గడిచిపోతుంది. శాకాహారులు మాత్రం ముందే అడగాలి. పిండిలో పంది కొవ్వు కలపడం అక్కడి ఆనవాయితీ. ఆలివ్ నూనెతో చేసేవీ దొరుకుతాయి. రెండు రొట్టెలకి 12 యూరోలు పోగా చేతిలో 15 మిగిలాయి.

గేటు బయట కుర్రాడు

సముద్రానికెదురుగా తెల్లగా, పెళ్ళి మండపంలా మెరిసేది గ్రాండ్ హోటల్. 1908లో తెరిచారు. చిన్నప్పుడు ఫెలినీ బయట నిలబడి లోపలి ధనవంతుల్ని చూస్తూ కలలు కనేవాడట. పెద్దయ్యాక వూరొచ్చినప్పుడల్లా అందులోనే దిగేవాడు.

అక్కడే మాకు పేచీ వచ్చింది. "ఆ వరండాలో కూర్చుని ఒక్క కాఫీ తాగుదాం" అన్నాను.

"ఏవండీ, కాఫీ అయిదు నిమిషాల్లో అయిపోతుంది. సినిమా ఐతే రెండు గంటలు!" అంది మా ఆవిడ.

ఆవిడ చెప్పేది ఫుల్గోర్ థియేటరు గురించి. చిన్నారి ఫెలినీ సినిమా పిచ్చి అంటించుకున్నది ఆ హాల్లోనే. కుర్రతనంలో తారల బొమ్మలు గీసిచ్చి, అందుకు బదులుగా అక్కడ సినిమాలు ఉచితంగా చూసేవాడు! మూతబడిన ఆ హాలుని దాంతే ఫెరెట్టి అలంకరణతో 2018లో మళ్ళీ తెరిచారు. ఎరుపూ బంగారు రంగులతో అది హాలీవుడ్ పాత చిత్రంలో సెట్టింగులా వుంటుంది.

మా 15 యూరోలూ అక్కడే ఖర్చయ్యాయి. బొమ్మ ఇటాలియన్‌లో, సబ్‌టైటిల్స్ లేవు. ఐనా హాలంతా నవ్విన చోట మేమూ నవ్వాం.

ఇద్దరూ ఒకేచోట

మర్నాడు పొద్దున్నే టైబీరియస్ వంతెన దాటాం. క్రీ.శ. 14లో మొదలుపెట్టి 21లో పూర్తిచేసిన రాతి వంతెన అది. అవతలి ఒడ్డున పాత బెస్తవాడ, సాన్ జూలియానో. గోడల నిండా ఫెలినీ పాత్రల బొమ్మలు! చూడ్డానికి పైసా ఖర్చు లేదు.

అక్కణ్ణించి వూరి శ్మశానానికి నడిచాం. గేటు దగ్గరే అర్నాల్దో పొమొదోరో చేసిన కంచు శిల్పం, నీళ్ళలోంచి లేచిన ఓడ ముక్కులా వుంటుంది. ఫెలినీ, ఆయన భార్య జూలియెట్టా మసీనా అక్కడే వున్నారు. 'లా స్త్రాదా' (1954)లో అమాయకపు కళ్ళతో ప్రపంచాన్ని ఏడిపించిన నటి ఆవిడే. 1943 అక్టోబరు 30న పెళ్ళి. 1993లో స్వర్ణోత్సవం జరిగిన మర్నాడే ఆయన కన్నుమూశాడు. అయిదు నెలలు తిరక్కుండానే ఆవిడా వెళ్ళిపోయింది. 1945లో పుట్టి ఎన్నాళ్ళో బతకని వాళ్ళ పసివాడి పేరు కూడా ఆ రాతి మీదే వుంది.

మా ఆవిడ ఆ పేరు దగ్గర చాలాసేపు నిలబడింది. నేనూ మాట్లాడలేదు. తిరిగి వస్తుంటే, "బంగారం సంగతి ఇంక ఎత్తకండి" అంది అంతే.

ఇటలీ అంటే రోమ్, వెనిస్ అనుకునే కుర్రకారుకి మా సలహా ఒక్కటే. దారిలో రిమినీలో ఒక్క రాత్రి ఆగండి. జతగా వెళ్తే మరీ మంచిది. కాఫీ కన్నా ముందు సినిమా టికెట్టు కొనుక్కోండి!