దూరం నుండి చేయగల సాయం

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2009 ఫిబ్రవరి 7న చెలరేగిన కార్చిచ్చులలో 173 మంది మరణించారు. రెండు వేలకు పైగా ఇళ్ళు కాలిపోయాయి. దూరప్రాంతాల వారు జాలితో బట్టలు, సామాను గుట్టలుగా పంపారు. వాటిని భద్రపరచి పంచడమే పెద్ద పనయింది. అందుచేత నమ్మకమైన సంస్థ ద్వారా డబ్బు పంపడం మేలు. బాధితులు తమకు కావలసినది కొనుక్కోగలరు.

మీకు తెలిసినవారు అటువంటి ఆపదలో ఉంటే ఫోను చేయండి. జరిగినదంతా చెప్పమని బలవంతపెట్టకండి. చెప్పినప్పుడు ఓపికగా వినండి. "ప్రాణాలు దక్కాయి కదా" అని వారి దుఃఖాన్ని తేలిక చేయకండి. భయం, నిద్రలేమి వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టరును కలవమనండి. విక్టోరియా బాధితులలో కొందరికి ఈ బాధ సంవత్సరాల తరబడి ఉన్నట్లు పరిశోధనలో తేలింది. కనుక ఏడాది గడిచాక కూడా వారిని పలకరించండి.