లాభం లెక్కల్లో... నగదు బాకీల్లో!
చిన్న పరిశ్రమలకు నిర్వహణ పెట్టుబడి గండం

ఖాతా పుస్తకాల్లో లాభం కనిపిస్తుంది. జీతాల రోజున గల్లాపెట్టెలో పైకం ఉండదు. చిన్న పరిశ్రమలు ఖాయిలా పడడానికి నష్టాలే కారణమని సాధారణంగా భావిస్తారు. అయితే అమ్మిన సరుకు తాలూకు డబ్బు సకాలంలో చేతికందకపోవడం కూడా అంతటి ప్రమాదకారి.

రెండు రకాల పెట్టుబడి

పరిశ్రమకు కావలసిన పెట్టుబడి రెండు విధాలు. స్థలం, షెడ్డు, యంత్రాలపై వెచ్చించేది స్థిర పెట్టుబడి. ముడిసరుకు, జీతాలు, కరెంటు బిల్లులకు నిత్యం అవసరమయ్యేది నిర్వహణ పెట్టుబడి. మొదటిదానికి యజమాని మూలధనం, ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చే టర్మ్‌లోన్ ఆధారం. రెండవదానికి బ్యాంకుల క్యాష్‌క్రెడిట్, ముడిసరుకు వర్తకులిచ్చే అరువు ఆధారం. క్యాష్‌క్రెడిట్ సొమ్ముతో యంత్రం కొన్న యజమాని మరుసటి నెల ముడిసరుకుకు వెతుక్కోవలసి వస్తుంది.

ఐదో వంతు సూత్రం

చిన్న పరిశ్రమలకు ఎంత నిర్వహణ రుణమివ్వాలన్న విషయమై రిజర్వు బ్యాంకు నియమించిన పి.ఆర్. నాయక్ కమిటీ 1992లో నివేదిక సమర్పించింది. వార్షిక టర్నోవరు అంచనాలో నాలుగో వంతు నిర్వహణ పెట్టుబడిగా అవసరమని, అందులో టర్నోవరులో 20 శాతానికి సమానమైన మొత్తాన్ని బ్యాంకు, మిగిలిన 5 శాతాన్ని యజమాని సమకూర్చాలని నిర్ణయమైంది. ఆ లెక్కన రూ. 60 లక్షల టర్నోవరుకు రూ. 15 లక్షలు కావాలి. బ్యాంకు వాటా రూ. 12 లక్షలు, యజమాని వాటా రూ. 3 లక్షలు.

ముడిసరుకు కొన్నది మొదలు అమ్మకం డబ్బు వచ్చేవరకు మూడు నెలలు పడుతుందన్నది ఈ సూత్రానికి పునాది. కొనుగోలుదారు మరో మూడు నెలలు జాప్యం చేస్తే అవసరం ఉజ్జాయింపున రూ. 30 లక్షలకు చేరుతుంది. అదనపు రూ. 15 లక్షలను నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తే ఏడాదికి రూ. 3.60 లక్షలు వడ్డీ కిందే పోతుంది. అమ్మకాలపై 6 శాతం మిగుల్చుకునే పరిశ్రమకు ఏడాది లాభం మొత్తం అంతే!

చట్టం ఉన్నా జంకు

సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు మించకుండా చెల్లింపు జరగాలని 2006 నాటి చట్టం నిర్దేశించింది. గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ చెల్లించాలి. కాని ఫిర్యాదు చేస్తే తదుపరి ఆర్డరు రాదన్న భయం సరఫరాదారును వెనక్కు లాగుతుంది. గడువు మీరిన బకాయిలను చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోవాలన్న నిబంధనను 2023 ఆర్థిక చట్టం తెచ్చింది. అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దీనివల్ల పెద్ద కొనుగోలుదారులు చిన్న సంస్థలను వదలి ఇతరులవైపు మళ్లవచ్చన్న ఆందోళన కూడా అప్పట్లో వ్యక్తమైంది.

మరో మార్గం బిల్లుల వేలం. ట్రెడ్స్ పేరిట వ్యవహరించే ఈ విధానానికి రిజర్వు బ్యాంకు 2014లో మార్గదర్శకాలు జారీ చేసింది. కొనుగోలుదారు అంగీకరించిన బిల్లుపై బ్యాంకులు పోటీపడి రేటు చెబుతాయి. ఆ మేరకు తగ్గించి సరఫరాదారుకు వెంటనే నగదు ఇస్తాయి. గడువు నాటికి కొనుగోలుదారు బ్యాంకుకు చెల్లిస్తాడు. రూ. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలన్నీ 2025 మార్చి 31లోగా ఇందులో నమోదు కావాలని కేంద్రం 2024లో ఆదేశించింది. నమోదు తప్పనిసరి అయిందే గాని, ప్రతి బిల్లునూ అక్కడికి తేవాలన్న నిర్బంధం ఆ ఆదేశంలో లేదు.

నగదు బడ్జెట్

ఈ పరిస్థితిలో యజమాని చేతిలో ఉన్న ఆయుధం నెలవారీ నగదు బడ్జెట్. బిల్లు రాసిన నెలలో కాక, డబ్బు చేతికందే నెలలో రాబడిని రాయడం దీని కీలకం. ఏప్రిల్‌లో సరుకు పంపి జూలైలో పైకం అందుకునే పరిశ్రమకు మే, జూన్ జీతాలు ఎక్కడినుంచి వస్తాయో ఆ కాగితం ముందే చెబుతుంది. అప్పు కోసం బ్యాంకుకు వెళ్లవలసింది ఏప్రిల్‌లోనే గాని, గల్లాపెట్టె ఖాళీ అయిన జూన్‌లో కాదు.